పది శాతం అన్నారు, పంతొమ్మిది పోతోంది

ప్రశ్న: అన్నా, మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకాలో గోదారి ఒడ్డు ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. అందుకని ఈ ఉత్తరం మా అక్కతో రాయిస్తున్నా. రెండెకరాల్లో టమాటా వేస్తాం. సరిహద్దు అవతల తెలంగాణ మార్కెట్లో ఒక కమీషన్ ఏజెంటు దగ్గర ప్రతి సీజనుకూ 60 వేలు అడ్వాన్సు తెచ్చుకుంటాం. వడ్డీ లేదు, కానీ సరుకంతా ఆయనకే వేయాలి. పది శాతం కమీషన్ పట్టుకుంటాడు, పది క్రేట్లకు ఒకటి తరుగు కింద తీసేస్తాడు. ఈ జనవరిలో 25 కిలోల క్రేటు 200 పలికినా మాకు ఏమీ మిగల్లేదు. అదే టమాటా హైదరాబాద్‌లో కిలో 25కు అమ్ముతున్నారని మా చుట్టాలు చెప్పారు. నాందేడ్‌లో ఉండే మా బామ్మర్ది, 'మహారాష్ట్రలో రైతు దగ్గర కమీషన్ తీసుకోవద్దని చట్టం ఉంది, సరుకు ఇక్కడికి తీసుకురా' అంటున్నాడు. మా బాపేమో, 'చెల్లె పెండ్లికి రాత్రికి రాత్రి పైసలిచ్చిన మనిషిని విడిచిపెట్టొద్దు' అంటున్నాడు. ఇవన్నీ కాదు, టమాటా మానేసి ఉల్లి వేయమని ఊళ్లో ఇంకొందరు. ఎటు పోవాలో తెలియక టెన్షన్‌గా ఉంది. ఖర్చుల చీటీ జత చేస్తున్నా, చూసి చెప్పండి.

జవాబు: తమ్ముడూ, మీరు చీటీ జత చేయడం చాలా మంచి పని. ధర లేదని రాసేవాళ్లు చాలామంది ఉంటారు గానీ హమాలీ ఎంత, కిరాయి ఎంత అని రాసేవాళ్లు తక్కువ. ఆ చీటీ ముందు పెట్టుకునే ఈ జవాబు రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి. మీ బామ్మర్ది చెప్పింది నిజమే. 2016 జులైలో మహారాష్ట్ర ప్రభుత్వం పండ్లు, కూరగాయలను మార్కెట్ కమిటీల పట్టు నుంచి తప్పించింది. యార్డు బయట ఎవరికైనా అమ్ముకోవచ్చు. యార్డు లోపల అమ్మితే అడత్ (కమీషన్) కొనేవాడు కట్టాలి, రైతు పట్టీలోంచి (అమ్మకం లెక్క చీటీ) కోయకూడదు. ఆ మార్పు మీద అప్పట్లో వ్యాపారులు సమ్మెకు కూడా దిగారు. అయితే చట్టం ఉన్నంత మాత్రాన ప్రతి గుమాస్తా దాన్ని పాటిస్తున్నాడని కాదు. వేరే పేరుతో కోసేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. కాబట్టి నాందేడ్‌లో మొదటి లోడు దించకముందే 'పట్టీలో ఏమేం కోస్తారు?' అని అడిగి, చెప్పింది రాయించుకోండి.

ఇక మీ చీటీ ప్రకారం జనవరి లోడు చూద్దాం. 40 క్రేట్లు తీసుకెళ్లారు, అంటే వెయ్యి కిలోలు. తరుగు పేరుతో నాలుగు క్రేట్లు పోయాయి. మిగిలిన 36కు 200 చొప్పున 7,200. అందులో పది శాతం కమీషన్ 720. హమాలీ క్రేటుకు 5 చొప్పున 200. ఏజెంటు ఇచ్చిన క్రేట్లకు బాడుగ ఇంకో 200. బండి కిరాయి 1,600. ఇవన్నీ పోను ఇంటికొచ్చింది 4,480. తెంపడానికి వచ్చిన ఎనిమిది మంది ఆడవాళ్లకు 300 చొప్పున 2,400 ఇచ్చారు. మిగిలింది 2,080. కిలోకు రెండు రూపాయల ఎనిమిది పైసలు! నారు, మందులు, కట్టెలు, డ్రిప్ పైపులు, ఇంటిల్లిపాది కష్టం అన్నీ ఈ రెండు రూపాయల్లోంచే రావాలి.

ఇందులో మీరు గమనించని సంగతి ఒకటుంది. పదింటికి ఒక క్రేటు ముందే పోతోంది, మిగిలిన తొమ్మిదింటి మీద పది శాతం పోతోంది. రెండూ కలిపితే వంద రూపాయల సరుకుకు మీకు ముట్టేది 81. పది శాతం అని నోటితో చెబుతున్నారు, పంతొమ్మిది చేత్తో తీసుకుంటున్నారు. కాయ నలిగిందనో, తడిసి ఉందనో ఒకటీ అరా తీసేస్తే తరుగు అనుకోవచ్చు. బాగున్న లోడుకూ బాగాలేని లోడుకూ ఒకే లెక్కన పదికి ఒకటి తీస్తే దాన్ని తరుగు అనరు. అనంతపురం వైపు బత్తాయి రైతుల దగ్గర టన్నుకు ఇన్ని కిలోలని 'సూట్' పేరుతో తీసేదీ ఇదే బాపతు.

అలాగని సరుకు నాందేడ్ తిప్పేస్తే సరిపోతుందా? మీరు రాసిన కిరాయిలే పెట్టి చూశాను. అక్కడికి క్రేటుకు 60 అవుతోంది, 40 క్రేట్లకు 2,400. హమాలీ 200 అనుకుందాం. క్రేట్లు మీ సొంతం అనుకుందాం, కోతలేమీ లేవనుకుందాం. అక్కడ క్రేటు 170 పలికితే వచ్చేది 6,800, ఖర్చు పోను 4,200. అంటే కమీషన్ లేని చోట అమ్మి కూడా పాత ఏజెంటు ఇచ్చినదానికంటే 280 తక్కువ! నాందేడ్‌లో 177 పలికితేనే అవతలి 200తో సమానం అవుతుంది. ధర పడిపోయిన రోజుల్లో మిమ్మల్ని తినేది కమీషన్ కంటే బండి కిరాయే.

ధర లేచిన రోజుల్లో కథ తిరగబడుతుంది. క్రేటు 600 పలికిందనుకోండి. అప్పుడు తరుగు క్రేట్లు, కమీషన్ కలిపి ఆ ఒక్క లోడులోనే ఏజెంటుకు 4,560 పోతుంది. కిరాయి మాత్రం అదే 1,600. అప్పుడు నాందేడ్‌లో 501 పలికినా మీకు అవతలి 600తో సమానమే, అంటే వంద తక్కువకు అమ్మినా నష్టం లేదు. అందుకే 'ఏ మార్కెట్ మంచిది' అనే ప్రశ్నకు ఏడాది పొడుగునా పనికొచ్చే జవాబు ఉండదు. ప్రతి కోతకు ముందురోజు సాయంత్రం రెండు చోట్లకూ ఫోన్ చేసి, అవతలి ధరను 81తో గుణించి వందతో భాగించి, కిరాయి, హమాలీ తీసేసి చూసుకోవాలి. ఫోన్‌లో ఉన్న కాలిక్యులేటర్ చాలు.

కిరాయి దగ్గర మీ చేతిలో ఉన్న ఉపాయం ఇంకొకటుంది. పక్క చేన్లవాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే బండి నింపుకుంటే నాందేడ్ కిరాయి క్రేటుకు 60 నుంచి 40కి దిగొచ్చని మీరే రాశారు. అలా దిగితే అక్కడ 157 పలికినా అవతలి 200తో సమానం. క్రేటు మీద ఇరవై రూపాయలు, అదీ ఏ అధికారినీ బతిమాలకుండా. దీనికి కంపెనీ పెట్టాల్సిన పని లేదు. రైతు ఉత్పత్తిదారుల సంఘం పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే తప్పు కాదు గానీ, 2020లో వచ్చిన కేంద్ర పథకం ప్రకారం మైదాన ప్రాంతంలో కనీసం 300 మంది సభ్యులుండాలి, లెక్కలు రాసే మనిషి ఉండాలి. ముందు నలుగురు ఒక బండిలో గొడవ పడకుండా సరుకు పంపగలరేమో చూసుకోండి. ఎవరి క్రేటు ఎవరిదో తెలిసేలా రంగు తాడు కట్టండి. ఇలాంటి పొత్తులు ఎక్కువగా చెడేది 'నా కాయ మంచిది, నీ కాయ చిన్నది' అన్న దగ్గరే.

హైదరాబాద్ ధర గురించి కోపంగా రాశారు, ఆ కోపం న్యాయమే. అయితే ఒక లెక్క చెబుతాను. టమాటాకు వినియోగదారుడు పెట్టే రూపాయిలో రైతుకు అందేది సుమారు 33 పైసలని 2024లో రిజర్వు బ్యాంకు ప్రచురించిన ఒక అధ్యయన పత్రం తేల్చింది. ఉల్లికి 36, బంగాళాదుంపకు 37. కిలో 25కు అమ్మే చోట మీ ధర 8 అంటే 32 పైసలు, ఇంచుమించు దేశమంతా ఉన్న వాటానే. ఈ మొత్తాన్ని మీరూ నేనూ మార్చలేం. మీ ప్రత్యేకమైన నష్టం ఆ 8 రూపాయల లోపల ఉంది. ఏజెంటు కోత పోయాక అది 6 రూపాయల 48 పైసలు. మనం మార్చగలిగింది ఇక్కడే.

అలా అయితే ఆ కోత ఎందుకు ఒప్పుకుంటున్నారు? అడ్వాన్సు వల్ల. 'వడ్డీ లేదు' అని రాశారు కదా, ఉందో లేదో చూద్దాం. సీజనులో వెయ్యి క్రేట్లు తోలారనుకుందాం, సగటున 200 పలికిందనుకుందాం. పదికి ఒకటి చొప్పున వంద క్రేట్లు ఉత్తినే పోయాయి. వాటి ఖరీదు 20 వేలు. కమీషన్ ఆయన చేసే పనికి కూలి అనుకుని పక్కన పెట్టేద్దాం. ఈ 20 వేలు మాత్రం 60 వేల అప్పుకు ఐదు నెలల వడ్డీ. అంటే నూటికి నెలకు ఆరున్నర రూపాయల పైనే. మీ ఊళ్లో వడ్డీ వ్యాపారి ఎవరైనా ఆ రేటు చెబితే మీ బాపు గుమ్మం దిగి వచ్చేస్తాడు.

దీనికి బదులు బ్యాంకు చూడండి. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 2025 జనవరి 1 నుంచి రెండు లక్షల వరకు తాకట్టు అడగకూడదు. వడ్డీ 7 శాతం, గడువులోపు కడితే 3 శాతం తగ్గింపు. మహారాష్ట్రలో డాక్టర్ పంజాబ్‌రావు దేశ్‌ముఖ్ పథకం కింద గడువు తప్పకుండా కట్టిన పంట రుణానికి మూడు లక్షల వరకు ఆ మిగతా వడ్డీని కూడా రాష్ట్రమే భరిస్తుంది. నాలుగు శాతమే కట్టారనుకున్నా 60 వేలకు ఐదు నెలలకు అయ్యేది వెయ్యి రూపాయలు. ఇక్కడ వెయ్యి, అక్కడ 20 వేలు. బ్యాంకు మేనేజర్ రెండు మూడుసార్లు తిప్పించుకుంటాడు, 'ఆ కాగితం తే, ఈ కాగితం తే' అంటాడు. తిప్పించుకోనివ్వండి. 19 వేల కోసం తిరగొచ్చు. కార్డు ఇప్పటికే ఉండి పాత బాకీ నిలిచిపోయి ఉంటే ముందు అది సరిచేసుకోండి, అది తేలకుండా కొత్త రుణం రావడం కష్టం.

మీ బాపు మాటను మాత్రం కొట్టిపారేయొద్దు. రైతుకు రాత్రికి రాత్రి పెండ్లికి డబ్బిచ్చే బ్యాంకు దొరకడం కష్టం. పైగా ఆ ఏజెంటు ఊరికే కూర్చుని తింటున్నాడనుకోవడం కూడా పొరపాటే. తెల్లారేలోపు మీ కాయను చిల్లర వ్యాపారులకు వేలం వేసి అమ్మిపెడుతున్నాడు. వాళ్లలో సగం మంది ఉద్దెరకు తీసుకెళ్లేవాళ్లు, వాళ్లు ఎగ్గొడితే నష్టం ఆయనది. మీ డబ్బు మీకు ఆ పూటే వస్తోంది. మధ్యాహ్నానికి మెత్తబడిపోయే సరుకు ఇంత తొందరగా అమ్మిపెట్టే మనిషికి కమీషన్ దక్కాల్సిందే. మీకు అభ్యంతరం ఉండాల్సింది కమీషన్ మీద కాదు, ఉత్తినే పోయే క్రేటు మీద.

కాబట్టి తెగతెంపులు వద్దు. ఈ సీజను చివరి లోడు పట్టీ రాసే రోజున మీ బాపునే వెంట తీసుకుని వెళ్లండి. అడ్వాన్సు బాకీ ఎంత మిగిలిందో ఆయన పుస్తకంలోనే చూసి, ఉన్నంతలో తీర్చేయండి. తర్వాత బాపుతోనే అడిగించండి: 'సేటూ, వచ్చే సాలు అడ్వాన్సు సగం చాలు. సగం సరుకు నీకే వేస్తాం. కమీషన్ నీది నువ్వు తీసుకో. చెడిపోయిన కాయ ఉంటే పక్కకు పోసి చూపించి తీసెయ్. లెక్క క్రేటు మాత్రం వద్దు.' మీరు అడిగితే అది బేరంలా వినిపిస్తుంది. పాత స్నేహం ఉన్న పెద్దాయన అడిగితే కాదనడం కష్టం. పదికి ఒకటి కాస్తా ఇరవైకి ఒకటి అయినా ఆయనకు వేసే ఐదొందల క్రేట్ల మీద ఐదు వేలు మిగిలినట్టే. పట్టీ మీద ఎన్ని క్రేట్లు వచ్చాయి, ఎన్ని తీశారు, ఎందుకు తీశారు అన్నది అంకెల్లో రాయమనండి. ఇప్పుడు మీకిస్తున్న పట్టీలో 36 క్రేట్లే కనిపిస్తాయి కదా, ఆ నాలుగూ అసలు మార్కెట్‌కే రానట్టు! కాగితం మీద లేనిదాని గురించి రేపు మార్కెట్ కార్యదర్శికి గానీ తూనికలు కొలతల అధికారికి గానీ చెప్పుకోవాలన్నా మీ దగ్గర ఆధారం ఉండదు.

క్రేట్లు సొంతంగా కొనుక్కోండి. అప్పు తీర్చినా ఆయన క్రేట్లు మీ ఇంట్లో ఉన్నంతకాలం సరుకు ఆయన గుమ్మానికే పోతుంది.

అవతలి మార్కెట్ మానొద్దని అంటున్నాను కాబట్టి మీ అక్క చివర్లో రాసిన చిన్న ప్రశ్నలకు కూడా జవాబు చెప్పేస్తాను. పొరుగు రాష్ట్రం రైతు సరుకు తెచ్చి అమ్ముకోవడం నేరం కాదు. తాజా కూరగాయల మీద జీఎస్టీ లేదు, ఈ-వే బిల్లు అక్కర్లేదు. మార్కెట్ ఫీజు కొనేవాడిది. బండికి తెలంగాణలో తిరిగే అనుమతి ఉందో లేదో కిరాయి మాట్లాడేటప్పుడే అడగండి, దారిలో ఆపితే ఆలస్యమై కాయ పాడయ్యేది మీది. రైతుబజార్లో కూర్చుని అమ్మడం మాత్రం కుదరదు, ఆ గుర్తింపు కార్డులు అక్కడి రైతులకే ఇస్తారు. అలాగే పెట్టుబడి సాయాలు భూమి ఎక్కడుంటే అక్కడివే. మీ పొలం మహారాష్ట్రలో ఉంది, మీకు పీఎం కిసాన్, మహారాష్ట్ర ఇచ్చే నమో శేత్కరీ సాయం వర్తిస్తాయి గానీ తెలంగాణవి వర్తించవు.

ఇప్పుడు అసలు ధర ఎందుకు పడుతోంది అన్నది. మీ ఊరి టమాటా అంతా జనవరి, ఫిబ్రవరుల్లోనే ఎందుకు వస్తుందో మీకు తెలియంది కాదు. 2013 సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం గోదారి మీద ఉన్న బాబ్లీ బ్యారేజీ గేట్లు జులై 1 నుంచి అక్టోబర్ 28 దాకా ఎత్తి ఉంచాలి. ఆ తర్వాత గేట్లు దించుతారు, గోదారిలో నీళ్లు నిలుస్తాయి, మోటార్లు మొదలవుతాయి. ఒడ్డున ఉన్న ఊళ్లన్నీ నవంబర్‌లో ఒకేసారి నాటుతాయి. నాటిన అరవై డెబ్బై రోజులకు కాయ రంగు తిరుగుతుంది. అవతల తెలంగాణ చేన్లలో కాయ దిగేదీ అప్పుడే. మార్కెట్ గేటు ముందు మీ బండి వెనుక ఇంకో యాభై బండ్లు నిలబడేది అందుకే.

బోరు గానీ బావి గానీ ఉంటే రెండెకరాలూ ఒకే వారంలో నాటకండి. అర ఎకరం చొప్పున ఇరవై రోజుల తేడాతో నాటండి. మొదటి అర ఎకరం గేట్లు దించకముందే, అక్టోబర్ మొదట్లో బావి నీళ్ల మీద పడితే డిసెంబర్‌లో కాయ దొరుకుతుంది. చివరి అర ఎకరంలో అసలు టమాటా వద్దు. గోరుచిక్కుడు, వంకాయ, కొత్తిమీర, మెంతి లాంటివి వేసి వారపు సంతలో మీవాళ్లే అమ్ముకోవచ్చు. పెద్ద డబ్బు రాదు, కానీ వారం వారం చేతిలో పైసలాడతాయి. చిన్న ఖర్చులకు ఏజెంటుకు ఫోన్ చేసే అలవాటు తప్పేది ఇలాంటి డబ్బుతోనే. మే, జూన్ ధర చూసి ఎండాకాలం పంట వేద్దామనే ఆశ కూడా కొందరికి ఉంటుంది. మీ నాందేడ్ ఎండకు పూత నిలవడం కష్టం. అంతగా కావాలంటే నీడ వల కింద పది గుంటల్లో వేసి చూడండి, అంతకు మించొద్దు. 2023 జులైలో టమాటా వంద దాటి ఎగిరినప్పుడు జాతీయ సహకార సంస్థలు మదనపల్లె, కోలార్, నారాయణగావ్ మార్కెట్ల నుంచి కొని ఢిల్లీలో అమ్మాయి. ఆ ధర చూసి నాటినవాళ్ల కాయ మార్కెట్‌కు వచ్చేసరికి ధర నేలకు దిగింది.

ఉల్లి సంగతికి నాలుగు మాటలు చాలు. మీరు ఏజెంటును చూసి భయపడుతున్నారు, ఉల్లి రైతు ఢిల్లీని చూసి భయపడాలి. 2023 ఆగస్టులో ఎగుమతి మీద 40 శాతం సుంకం వేశారు. డిసెంబర్‌లో ఎగుమతే ఆపేశారు. 2024 మేలో టన్నుకు కనీస ధర 550 డాలర్లు అని పెట్టి, సుంకంతో సహా తలుపు తెరిచారు. సెప్టెంబర్‌లో ఆ కనీస ధర తీసేసి సుంకం సగం చేశారు. 2025 ఏప్రిల్ 1న సుంకం మొత్తం పోయింది. అయినా ఆ ఏడాది నాసిక్ వైపు రైతులు ధర లేదని ఆందోళన చేశారు. మనకు పెద్ద గిరాకీ అయిన బంగ్లాదేశ్ కొంటుందా లేదా అన్నది మీ చేనుకు వెయ్యి మైళ్ల అవతల తేలుతుంది. ఉల్లికి ఉన్న ఒకే ఒక్క మేలు, రబీ పంట కాందా చాళ్‌లో (గాలి ఆడేలా కట్టిన ఉల్లి నిల్వ షెడ్డు) నాలుగైదు నెలలు ఆగుతుంది. చాళ్ లేకుండా ఉల్లి వేస్తే టమాటాకీ దానికీ పెద్ద తేడా లేదు. ఎవరో వేయమన్నారని రెండెకరాలూ మార్చకండి.

ధర మరీ పడిపోతే ప్రభుత్వం కొంటుందా అని అడిగారు. మార్కెట్ జోక్యం పథకం అని ఒకటుంది. మామూలు ఏడాదితో పోలిస్తే ధర పది శాతమైనా పడితే, రాష్ట్రం అడిగితే, కేంద్రం నష్టంలో సగం భరిస్తుంది. 2025లో నిబంధనలు మార్చి, సరుకు కొనకుండా ధరల తేడాను రైతు ఖాతాలో వేసే వీలు కూడా కల్పించారు. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్ మిర్చికి క్వింటాలుకు 11,781 రూపాయలు ఖాయం చేసి అలాగే తేడా చెల్లించేందుకు ఒప్పుకున్నారు. మీ టమాటాకు ఎప్పుడైనా అలాంటిది రావచ్చు, రాకపోవచ్చు. దాన్ని నమ్ముకుని నాటొద్దు. కానీ వచ్చిన రోజున మీ పేరు జాబితాలో ఉండాలంటే ఒక పని ఇప్పుడే చేయాలి. సాత్‌బారాలో (మహారాష్ట్ర భూమి రికార్డు) మీ పంట టమాటా అని ఎక్కిందా? సరిహద్దు ఊళ్లలో చాలామంది ఈ-పీక్ పాహణీ యాప్‌లో పంట నమోదు చేయరు, చేసినా పోయినేడు వేసిన సోయా పేరే అలా వదిలేస్తారు. యాప్ మరాఠీలో ఉంటుంది, అది మీకు ఇబ్బంది కాదు. చేనులో నిలబడి ఫోటో తీసి గడువులోపు ఎక్కించండి. ఫోన్‌తో కాకపోతే తలాఠీ (ఊరి రెవెన్యూ అధికారి) దగ్గరికి వెళ్లండి.